బొత్తాలక్క దాచిన మందు

బస్సు ఎక్కడ ఆగిపోవాలో బస్సుకే తెలుస్తుంది, డ్రైవరుకు తెలియదు. ఈ బస్సు కూడా అటు ఊరికీ ఇటు ఊరికీ అందని చోటు చూసుకుని, చెట్టన్నది లేని దారిలో, వెనక చక్రం కుంగి కూలబడింది. అంతసేపూ పక్కవాడి భుజం తగిలితే విసుక్కున్న జనం కిందికి దిగగానే చుట్టాలైపోయారు. ఒక కళ్ళజోడాయన జాకీ ఎక్కడ పెట్టాలో డ్రైవరుకు పాఠం మొదలుపెట్టాడు. డ్రైవరు ఓపిగ్గా విని, "మీరే పట్టండి సార్, నేను టీ తాగొస్తా," అన్నాడు. పాఠం అక్కడితో ముగిసింది.

బొత్తాలక్క ఈ సందడిలో కలవలేదు. జిప్పులూ లైనింగు గుడ్డా కొనడానికి టోకు బజారుకు బయల్దేరిన మనిషి. వయసు యాభై దాటింది, కుట్టుమిషను ముందు కూర్చుని కూర్చుని నడుము పట్టేసింది. రోడ్డుకు అవతల లారీలు ఆగే హోటలు కనిపిస్తే, కాసిని నీళ్ళు తాగివద్దామని సంచీ భుజానికి తగిలించుకుని నడిచింది.

హోటలు వెనక కొళాయి దగ్గర ఒకామె గ్లాసులు కడుగుతోంది. వీపు ఇటు. ఒంటికాలి మీద నిలబడి రెండో పాదంతో పిక్క గోక్కుంటోంది. బొత్తాలక్క అక్కడే ఆగిపోయింది. మొహం మారుతుంది, ఒళ్ళు తరుగుతుంది, జుట్టు రాలుతుంది. నిలబడే తీరు మాత్రం మనిషిని వదలదు. ఎవరు ఏ భుజం వాలుస్తారో, ఎవరు పొట్ట లోపలికి పీల్చుకుని కొలతలిస్తారో బట్టలు కుట్టేవాళ్ళ కన్ను టేపు కంటే ముందే పట్టేస్తుంది.

"పిచ్చుకా," అంది.

గ్లాసు తోమే చెయ్యి ఆగలేదు. "ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఇక్కడెవరూ లేరు," అంది ఆమె తిరగకుండానే. ఇంకో గ్లాసు అందుకుని, "నువ్వు లావెక్కావో చిక్కావో చూడాలంటే వెనక్కి తిరగాలి. తిరగబుద్ధి కావట్లేదక్కా," అంది.

ఎన్నాళ్ళుగానో జాడ తెలియని మనిషి. ఎదురుపడితే అడగాలని బొత్తాలక్క దాచుకున్న మాట ఒక్కటే: మందు వేసుకుంటున్నావా అని. ఇప్పుడు ఎదురుగా ఉంటే ఆ ఒక్క మాటకూ నోరు పెగల్లేదు. ఎందుకు పెగల్లేదో తెలియాలంటే ఆమె దుకాణం సంగతి తెలియాలి.

అది దుకాణం కూడా కాదు, రెండు మేడల మధ్య మిగిలిపోయిన సందుకు తలుపు బిగించిన గది. మిషను, ఇస్త్రీ బల్ల, గోడ పొడుగునా రేకు డబ్బాలు. ప్రతి డబ్బా మూత మీద అందులో ఉన్న రకం బొత్తాం ఒకటి దారంతో కట్టి ఉండేది. బొత్తాలక్క అన్న పేరు వాటి మూలంగా వచ్చిందే. అంతకుముందు ఆమెకు వేరే పేర్లుండేవి. వయసులో ఉన్నప్పుడు ఆమె కూడా ఆ వీధిలో, దీపాలు వెలిగే వేళకు గుమ్మాల్లో నిలబడిన మనిషే. మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాక మిషను కొనుక్కుంది. "నిలబడి బతికింది చాలు, ఇక కూర్చుని బతుకుతా," అనేది. వీధిలో వాళ్ళు నవ్వేవాళ్ళు కానీ, చిరుగులన్నీ ఆమె దగ్గరికే తెచ్చేవాళ్ళు.

ఆ వీధికి నెలకోసారి వచ్చే నర్సమ్మ ఒక రోజు కొత్త మందు తెచ్చింది. హెచ్‌ఐవి వచ్చినవాళ్ళకు ఇచ్చే మందు అందరూ ఎరిగిందే; ఇది రానివాళ్ళకు, రాకుండా ఉండటానికి. రోజుకో బిళ్ళ. "రోజూ వేసుకుంటే ఒంట్లో కాపలా నిలబడుతుంది. మానేస్తే కాపలావాడు ఇంటికెళ్ళిపోతాడు. మళ్ళీ మొదలుపెట్టాలంటే ముందు రక్తపరీక్ష చేయించుకోవాలి," అని నర్సమ్మ నెమ్మదిగా చెప్పింది. కండోమ్ అంటే మొహం మాడ్చుకునే మగవాళ్ళతో వేగలేక అలిసిపోయిన ఆడవాళ్ళకు, ఎవడి అనుమతీ అడగకుండా మింగగల బిళ్ళ ఒకటుందంటే అది చిన్న విషయం కాదు. అయినా ఎవరూ చెయ్యి చాపలేదు. అందరికన్నా ముందు బొత్తాలక్కే ఒకటి తీసుకుని నోట్లో వేసుకుంది.

"నీకెందుకక్కా, నీ దగ్గరికి ఎవడొస్తాడు?" అంది ఒకతె. ఆమెను అందరూ రేడియో అనేవాళ్ళు. మీట నొక్కినా నొక్కకపోయినా మోగుతుంది కాబట్టి.

"ఎవడో ఒక గుడ్డివాడు దారి తప్పి రాకపోతాడా, నా జాగ్రత్తలో నేనుండాలి కదా," అంది బొత్తాలక్క.

ఆ నవ్వులో సీసాలన్నీ చేతులు మారాయి. కానీ మింగడం వేరు, దాచడం వేరు. ఆ గదుల్లో తాళం పడే పెట్టె ఎవరికీ లేదు. సీసా కదిపితే గలగలమంటుంది. ఆ చప్పుడు వింటే గది యజమానురాలు చెవులు రిక్కిస్తుంది. రాకుండా వేసుకునే మందని ఎంత చెప్పినా, మందుంది కాబట్టి జబ్బుందనే లెక్క. ఒకతె దిండు కింద సీసా చూసి వచ్చినవాడు చెప్పులు కూడా తొడుక్కోకుండా పోయాడు. మరునాటికి వీధంతా పాకింది. ఇంకొకతె సీసాలో దూది కుక్కింది. మరొకతె బియ్యంలో పూడ్చిపెట్టి ఎక్కడ పూడ్చిందో మరిచిపోయింది. నెల తిరిగేసరికి సగం మంది మానేశారు. నర్సమ్మ తల పట్టుకుంది. రోగానికి మందు వేసుకోమంటే నొప్పి గుర్తు చేస్తుంది; ఏ నొప్పీ లేనప్పుడు వేసుకోవలసిన మందును ఎవరు గుర్తు చెయ్యాలి?

ఆ పని బొత్తాలక్క చేసింది. "మీ బిళ్ళలు నా దగ్గర పెట్టండి. సాయంత్రం ఒకసారి వచ్చి మింగి పొండి," అంది. గోడనున్న రేకు డబ్బాల్లో కింది వరస ఖాళీ చేసి మనిషికొక డబ్బా ఇచ్చింది. మూత మీది బొత్తామే గుర్తు. రేడియోది ఇత్తడి రంగుది. పిచ్చుకది నీలం రంగుది, నాలుగు చిల్లులది, తానే ఏరుకుంది. ఎవరి డబ్బా ఏదో ఇంకెవరికీ చెప్పనని బొత్తాలక్క ఒక్కొక్కరికీ విడిగా మాటిచ్చింది. పొద్దువాలే వేళకు ఒక్కొక్కరే వచ్చేవాళ్ళు. "బొత్తాం ఊడిందక్కా," అనేవాళ్ళు. గుమ్మంలో ఎవరో మగవాడు ఇస్త్రీ బట్టల కోసం నిలబడి ఉన్నా సరే, బొత్తాలక్క డబ్బా తీసి, దారం కొరికినట్టు నటిస్తూ చేతిలో బిళ్ళ పెట్టేది. కుండలో నీళ్ళు ఎప్పుడూ ఉండేవి.

పిచ్చుక అందరికంటే చిన్నది. గింజ గింజా ఏరుకు తిన్నట్టు తినేది. అందుకే ఆ పేరు. బిళ్ళ గొంతు దిగదని మొదట్లో మారాం చేసేది. "మింగు. మీ అమ్మ నీకు చందమామను చూపిస్తూ తినిపించిందేమో కానీ, నా దగ్గర ఇస్త్రీపెట్టే ఉంది, దాన్ని చూస్తూ మింగు," అనేది బొత్తాలక్క. పిచ్చుక నవ్వబోయి పొలమారి, నీళ్ళు తాగి, మింగేది. మింగాక వెంటనే వెళ్ళేది కాదు. ఇస్త్రీ బల్ల కింద చతికిలబడి గుడ్డపేలికలతో ఆడుకునేది. తల్లి దగ్గర ఉండవలసిన వయసులో ఆ పిల్ల ఎవరి దగ్గరా లేదన్న సంగతి అలా కూర్చున్నప్పుడే తెలిసేది.

పరీక్షలన్నీ బాగా వస్తున్నాయని నర్సమ్మ మురిసిపోయింది. ఒకసారి మాత్రం ఆ డబ్బాల వరస వైపు చూసి, "నువ్వు ఊరెళ్తే ఎట్లా?" అని అడిగింది.

"నాకు ఊరెక్కడుంది నర్సమ్మా?" అంది బొత్తాలక్క.

ఆ మాట నిజమే. మిషను కొనక ముందు ఏ పనిలో ఉందో తెలిసిన రోజునుంచీ పుట్టింట్లో ఆమె పేరు ఎత్తిన వాళ్ళు లేరు. కానీ తల్లి మంచం పట్టి, పోయేముందు కూతుర్ని చూడాలంటే, ఇన్నేళ్ళూ పలకని అన్న ఒక మనిషిని పంపాడు. రెండు రోజుల్లో వస్తానని ఆమె తలుపుకు తాళం వేసి, తాళంచెవిని లోపలి జేబులో పెట్టుకుంది. రేడియోకి ఇచ్చిపోదామా అని ఒక్క క్షణం అనుకుంది. ఇస్తే ఏ డబ్బా ఎవరిదో చెప్పాలి. చెబితే ఇచ్చిన మాటలన్నీ పోతాయి. పైగా రేడియో. ఇవ్వలేదు.

తల్లి రెండు రోజుల్లో పోలేదు. పొద్దున కళ్ళు మూసేది, సాయంత్రం తెరిచి కూతురి చెయ్యి తడుముకునేది. వదిలితే మళ్ళీ ఏళ్ళ తరబడి దొరకదన్నట్టు పట్టుకునేది. ఆ చెయ్యి విడిపించుకుని రావడానికి బొత్తాలక్కకు మనసొప్పలేదు. రేపు వెళ్తా, రేపు వెళ్తా అనుకుంటూనే వారాలు గడిచాయి. తల్లిని సాగనంపి తిరిగి వచ్చేసరికి ఊళ్ళో వానాకాలం మొదలైపోయింది.

ఆ మధ్యకాలంలో వీధి ఏమీ ఆగలేదు. దీపాలు వెలిగాయి, మనుషులు వచ్చారు. కొందరు నర్సమ్మ దగ్గరికి పోయి గొణిగి వేరే సీసా తెచ్చుకున్నారు. కొందరు వేసుకున్నవి ఒంట్లో ఇంకా ఉంటాయిలే అనుకున్నారు. వచ్చాక బొత్తాలక్క ఎవరికీ బిళ్ళ ఇవ్వలేదు. ముందు అందరినీ పరీక్షకు పంపింది. అందరికీ బాగానే ఉందన్నారు, పిచ్చుకకు తప్ప. పిచ్చుకకు ఆ రోజుల్లో జ్వరం వచ్చి తగ్గిందట, ఒళ్ళంతా దద్దురు కూడా లేచిందట, వానలో తడిసినందుకనుకుంది.

పరీక్ష తెలిసిన రోజు పిచ్చుక దుకాణానికి వచ్చింది. ఏడవలేదు, అరవలేదు. తన డబ్బా తెరిచి అడుగున మిగిలిన బిళ్ళలను చూసింది. మూత పెట్టేసి, ఎక్కడిది అక్కడ ఉంచి వెళ్ళిపోయింది. మరునాటికి గది ఖాళీ.

అప్పటినుంచీ బొత్తాలక్క ఆ కింది వరసలో ఎవరి మందూ పెట్టుకోలేదు. గదిగదికీ తిరిగి, ఎవరు ఎక్కడ దాచుకుంటే నప్పుతుందో వాళ్ళతోనే ఆలోచింపజేసింది. కొందరు అలవాటు పడ్డారు, కొందరు జారిపోయారు. జారిపోయినవాళ్ళను మళ్ళీ పట్టుకొచ్చేది. పని బాగానే సాగింది. ఆమె మాత్రం నవ్వించడం మానేసింది.

ఇప్పుడు కొళాయి దగ్గర, గ్లాసుల బుట్ట నిండాక, పిచ్చుక వెనక్కి తిరిగింది. బుగ్గలు లోపలికి పోయాయి. దగ్గు వస్తే మోచెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఎప్పటినుంచి మానేశావు?" అంది బొత్తాలక్క. అడగాలనుకున్నది ఇంకోలా వచ్చింది.

"వచ్చిన కొత్తలో ఆస్పత్రిలో ఇచ్చినవి బుద్ధిగానే వేసుకున్నా. ఇక్కడ గదిలో నాతో పాటు ఇంకా ముగ్గురుంటారు. ఒకామె సంచీ ఎత్తి ఊపి, ఇదేంటి గలగలమంటోంది అంది. వేరుశనగ గింజలన్నా. పెట్టమంది." పిచ్చుక నవ్వింది. "ఏం పెట్టను? ఆ రోజే కాలవలో పారేశా."

"ఇవాళ ఆస్పత్రికి పోదాం పద."

"గ్లాసులెవరు కడుగుతారు, నువ్వా?"

"నేనే."

బొత్తాలక్క సంచీ గోడకు ఆనించి చేతులు పైకి మడిచింది. పిచ్చుక వద్దనలేదు. ఒకరు తోమితే ఒకరు కడుగుతూ మిగిలినవి ముగించారు. అవతల టైరు మారింది, హారన్ మోగింది, డ్రైవరు అటూ ఇటూ చూసి, "ఆ సంచీ ఆవిడ ఏదయ్యా?" అని కేక వేశాడు. బొత్తాలక్క తలెత్తలేదు. బస్సు కాసేపు గునిసి వెళ్ళిపోయింది.

హోటలు యజమాని పొయ్యి పొగకు ఎర్రబడ్డ కళ్ళతో ఇద్దరినీ చూశాడు. "ఏమవుతుంది నీకు?"

"చెల్లెలు. ఒళ్ళు బాలేదు, చూపించి పంపిస్తా."

"ఇన్నాళ్ళకు గుర్తొచ్చిందా చెల్లెలు?" అన్నాడు. ఊరికే అన్నాడు, అయినా తగలవలసిన చోటే తగిలింది.

ఉల్లిపాయల లారీ ఒకటి పట్నం వైపు పోతుంటే ఎక్కారు. డ్రైవరుకు పాటలంటే ప్రాణం, గొంతు మాత్రం లేదు. ఆ రాగం కింద ఇద్దరూ నెమ్మదిగా మాట్లాడుకున్నారు. రేడియో ఎలా ఉంది అని అడిగింది పిచ్చుక. బాటరీ అయిపోలేదు అంది బొత్తాలక్క. నర్సమ్మకు బదిలీ అయిందా అంది. కాలేదంది. మాటలు అటుపోయి ఇటుపోయి, రావలసిన చోటికి వచ్చాయి.

"నర్సమ్మ దగ్గరికి పోయి ఇంకో సీసా ఎందుకు అడగలేదే నువ్వు? మిగతావాళ్ళు అడిగారు కదా," అంది బొత్తాలక్క.

పిచ్చుక కిటికీలోంచి బయటికి చూస్తూ ఉంది. "అడిగితే పాత సీసా ఏమైందంటుంది. అక్క దగ్గర పెట్టా, అక్క తాళం వేసుకు పోయిందని చెప్పాలి. నిన్ను తిడుతుందేమోనని." దగ్గు వచ్చి ఆగింది. "రోజూ వచ్చానక్కా. తాళం చూసి మెట్టు మీద కూర్చునేదాన్ని. రేపు వస్తుందిలే అనుకునేదాన్ని. నువ్వు కూడా అక్కడ అదే అనుకుని ఉంటావు."

బొత్తాలక్క ఒళ్ళోని సంచీని దగ్గరికి లాక్కుంది. లారీ గతుకులో పడి లేచింది. ఆ పిల్లకు తన మీద కోపమని ఇన్నాళ్ళూ అనుకుంది. ఆ కోపాన్ని మోయడం అలవాటు చేసుకుంది. కోపం కాదట, తన పరువు కాచిందట. ఈ బరువుకు ఆమె భుజం ఇంకా అలవాటు పడలేదు.

ఆస్పత్రిలో ఆ మందుల గది వసారా చివర ఉంది. బయట ఇనుప బెంచీ. మందులిచ్చే ఆవిడ కిటికీలోంచి ఒక్కొక్కరినీ పిలుస్తోంది. పేరు పెట్టి కాదు, "ఇలా రండి" అని. ముసలి చేతులు, అలసిన గొంతు, కానీ విసుగు లేదు. ఇది బొత్తాలక్క మొదటే గమనించింది.

పిచ్చుక బెంచీ మీద ఆమెకు ఆనుకుని కూర్చుంది. ఒళ్ళు జ్వరంతో వెచ్చగా తగిలింది. ఉన్నట్టుండి, "నేను నీతో వచ్చేస్తానక్కా," అంది. "మిషను తొక్కడం నేర్పు. బిళ్ళలు నీ దగ్గరే పెట్టు. పాత డబ్బా ఉందా? నువ్విస్తే రోజూ వేసుకుంటా. ఒట్టు. ఇంకెవరిచ్చినా నాకు గొంతు దిగదు."

ఎన్నాళ్ళుగానో ఎవరి దగ్గరా వినాలని ఆశపడటానికి కూడా భయపడిన మాట అది. సరే అంటే చాలు, సగం దోషం కడుక్కున్నట్టే. సాయంత్రాలు ఇస్త్రీ బల్ల కింద ఆ పిల్ల చతికిలబడితే గదికి ప్రాణం వస్తుంది. బొత్తాలక్క నాలుక చివరికి వచ్చింది ఆ సరే. వచ్చాక, తాను ముందోసారి ఇలాగే మురిసిపోయిన సంగతి తలకెక్కింది. తన నడుము ఎన్నాళ్ళు నిలబడుతుంది? తనకు జ్వరం వస్తే, తాను పోతే, ఈ పిల్ల మళ్ళీ ఏ మెట్టు మీద కూర్చుంటుంది? ఇది ఒక నెలకో రెండు నెలలకో మందు కాదు, ఊపిరున్నన్నాళ్ళూ. ఒక మనిషి మీద ఆనించి నిలబెట్టకూడనిది.

కాదని చెప్పాలి. ఆ మొహం చూసి కాదని చెప్పడం మాత్రం ఆమె వల్ల కాదు. ఇంకోసారి బతిమాలితే తానే ఒప్పేసుకుంటుంది.

"ఇలా రండి," అంది కిటికీ.

"వెళ్ళు, పిలుస్తున్నారు. ముందు రక్తం తీస్తారు," అంది బొత్తాలక్క.

పిచ్చుక తెరకు అవతలికి వెళ్ళింది. బొత్తాలక్క లేచి కిటికీ దగ్గర వంగింది.

"అమ్మా, ఇప్పుడు లోపలికి వచ్చిన పిల్ల. మానేసి చాలా రోజులైంది, దగ్గుతోంది, అది కూడా చూడండి. కోప్పడితే మళ్ళీ రాదు. ఏదో ఒకటి అని నవ్వించండి, వస్తుంది. నవ్వేటప్పుడు మింగేస్తుంది."

ఆవిడ కళ్ళజోడు పైనుంచి చూసింది. "మీరేమవుతారు?"

"గదిలో నలుగురుంటారు, సీసా చప్పుడవుతుంది. ఎట్లా దాచుకోవాలో తననే అడగండి, మీరు చెప్పకండి. తను చెప్పిందే తనకు నిలుస్తుంది. ఇంకొకరి దగ్గర పెడతానంటే మాత్రం ఒప్పుకోకండి. ఎవరైనా సరే."

"మీరే ఉండి చెప్పొచ్చు కదమ్మా. ఇంకాసేపట్లో వచ్చేస్తుంది."

"ఉంటాను," అంది బొత్తాలక్క.

తెర అవతల పిచ్చుక దేనికో చిన్నగా కెవ్వుమని, "సూది ఇంత లావా?" అంటోంది. ఇంకెవరిదో గొంతు, "నీకోసం ప్రత్యేకంగా తెప్పించాం," అంది. పిచ్చుక నవ్వింది. నవ్వు దగ్గులోకి తిరిగి, మళ్ళీ నవ్వయింది.

బొత్తాలక్క బెంచీ మీది సంచీ తీసి భుజానికి వేసుకుంది. వసారాలో తడిగుడ్డతో నేల తుడుస్తున్న ఆయన కాళ్ళు పక్కకు పెట్టుకోమన్నట్టు చూశాడు. ఆమె తడి మీద అడుగు పడకుండా గోడవారగా జరిగి, మలుపు తిరిగింది. వెనక, "అక్కా, నాకెవరున్నారో చెప్పమంటున్నారు," అని పిచ్చుక గొంతు వినిపించింది. ఆమె తిరగలేదు. గేటు దాటాక బస్టాండు ఎటో కూడా ఎవరినీ అడగలేదు. రోడ్డు కనిపించిన వైపు నడిచిపోయింది.